దూడ నోటి పాలు

దూడను ఇంకా పూడ్చలేదు.

పొద్దు బారెడు ఎక్కింది. వాకిట్లో పందిరి గుంజ పక్కన అది కాళ్ళు చాపి పడి ఉంది. కళ్ళ మీద ఈగలు వాలుతుంటే గోపాలు తువ్వాలతో తోలుతున్నాడు. చచ్చిన దూడకు ఈగలు తోలడమేమిటని అతనికి ఎవరూ చెప్పలేదు.

కొట్టంలో ఎర్రావు తెల్లవారినప్పటి నుంచి అరుస్తూనే ఉంది.

"గుంత తవ్వి పెట్టిన్రు. ఎత్తుకపోరాదు కొడకా," అంది తల్లి ఆదెమ్మ.

"ఎత్త. పెద్దలు రావాలె. నలుగురు చూసినంకనే ఎత్తుత."

"చూసి ఏం జేస్తరు? బతికిస్తరా?"

"పాలు పితికిన చెయ్యి ఎవ్వలిదో తేలుస్తరు."

ఆదెమ్మ భర్త వైపు చూసింది. సీతయ్య దడి దగ్గర కూర్చొని వెదురు బద్దలు చీరుతున్నాడు. కొడుకు మాట చెవిన పడనట్టే చీరుతున్నాడు.

భీమక్క గడప లోపల నిలబడి ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. రోజూ ఈ పాటికి ఆమె రెండోసారి తినేది. ఒక జొన్నరొట్టె, రెండు కోడిగుడ్లు, గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క. పాల్వంచ కాలనీలో జూడో నేర్పే హాతీరాం సారు రాసిచ్చిన కాగితం తడికకు గుచ్చి ఉంది. రోజుకు అయిదుసార్లు తినాలి. నెలకు కిలోన్నర కంటే ఎక్కువ పెరగకూడదు. జల్దీ పెరిగితే కొవ్వు, మెల్లగా పెరిగితే కండ అని సారు కింద గీత గీసి మరీ రాశాడు. బలానికని అమ్మే మాత్రలు ముట్టొద్దు, మొహం ఉబ్బుతుంది గానీ చేతికి పట్టు రాదు అని ఇంకో గీత.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఖమ్మంలో తూకం. యాభై రెండు కిలోలు దాటితేనే ఆమె పేరు పై గ్రూపులో రాస్తారు. కింది గ్రూపులో రూప్లి ఉంది. భీమక్క రూప్లిని ఎన్నడూ పడగొట్టలేదు, పడగొట్టేటట్టూ లేదు. గ్రూపుకు ఒక్కరినే తీసుకుంటారు. పై గ్రూపులో మాత్రం జిల్లా నుంచి ఆడపిల్ల ఎవరూ లేరు. పేరు రాయించుకుంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఖాయమన్నట్టే. చదువు, బట్ట, మూడు పూటలా తిండి. లేకుంటే పది పాసైన కాగితం పెట్టెలో దాచుకొని ఏటేటా తునికాకు కోసుకోవడమే.

జనవరిలో నలభై తొమ్మిది. మొన్న ఆదివారం సొసైటీ కాటా మీద యాభై మూడున్నర. చింతపండు బస్తాలు తూచే ఆ కాటా ఆమె ఎక్కినప్పుడల్లా గుమస్తా నవ్వేవాడు. "ఈ వారం చింతపండు దిగింది, భీమక్క ఎక్కింది!"

ఇవాళ మంగళవారం. ఇప్పలగుంపు గూడెంలో ఎవరూ నవ్వడం లేదు.

దూలయ్య వచ్చాడు. ఊరి పెద్ద. వెనక ముగ్గురు ముసలివాళ్ళు, వాళ్ళ వెనక సగం గూడెం. దూలయ్య దూడ డొక్క మీద చెయ్యి వేసి చూశాడు. ఎముకలు వేళ్ళకు తగిలాయి. కొట్టంలోకి వెళ్ళి ఎర్రావు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఆ గూడెంలో పాలు పితకరు. తాతముత్తాతల నాడూ పితకలేదు. అందుకే అక్కడ ఏ ఆవూ మనిషి చేతిని పొదుగు దగ్గరికి రానీయదు. తంతుంది. దూలయ్య కూడా తన్ను తప్పించుకోవడానికి ఒక కాలు వెనక్కి పెట్టుకొనే కూర్చున్నాడు.

ఎర్రావు తన్నలేదు. అరుపు మాని, వెనక కాళ్ళు ఎడం చేసి, బుద్ధిగా నిలబడింది.

ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో" అన్నారు.

"ఒక్కనాటి అలవాటు గాదు గిది," అన్నాడు దూలయ్య లేస్తూ. "ఆవు మనకు ఎద్దునిస్తది. పేడ ఇస్తది. పాలు దూడకిస్తది. దూడ నోటిది గుంజుకున్నది ఎవ్వలు?"

గోపాలు చెల్లెలి వైపు చెయ్యి చూపించాడు. "ఇంట్ల పాలు తాగేది ఒక్కతే."

"అవి తండ పాలు తాతా," అంది భీమక్క గడప దాటి వచ్చి. "కమ్లి దగ్గరియి. గంపలిస్తం, పాలిస్తది. రోజూ చెంబెడు. అయ్యను అడుగు."

దూలయ్య సీతయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"అవ్," అన్నాడు సీతయ్య. "తండవే."

"అయితే కమ్లినే అడుగుదాం," అని గోపాలు సైకిలెక్కాడు.

అతను తిరిగి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. మాటలు మాత్రం కదిలాయి.

"పూటకు రెండు గుడ్లంట. మా ఇంట్ల నెలకు రెండు గుడ్లు లెవ్వు."

"ఆడపిల్ల కుస్తీలు పట్టుడేంది, బరువులెక్కుడేంది. అవ్వకు లేకపాయె బుద్ధి."

ఆదెమ్మ విని ఊరుకుంది. వాకిట్లో దూడ అట్లా పడి లేకుంటే ఊరుకునేది కాదు.

గోపాలు సైకిలు వెనక నుంచి కమ్లి దిగింది. చేతుల నిండా గాజులు, నెత్తిన అద్దాల ముసుగు. వాకిట్లో జనాన్ని చూసి జంకింది. దూడను చూసి నాలుక కరుచుకుంది.

"కమ్లీ, మా భీమక్కకు పాలు నువ్వే పోస్తున్నవా?" అని అడిగాడు దూలయ్య.

"పోసిన పెద్దయ్యా. ఇప్పుడేడ పాలు? మా బర్రె ఒట్టిపోయి ఇరవై దినాలాయె. మా పోరగాండ్లకే చాయల పాలు లెవ్వు. ఆ దినం సీతన్న..."

ఆమె ఆగింది. సీతయ్య మొహం చూసింది. ఆమెకు ఏదో అర్థమైంది.

భీమక్కకూ అర్థమైంది. ఇరవై రోజులు. రోజూ సాయంత్రం అయ్య చేతిలో సొరకాయ బుర్ర. తండా రెండు మైళ్ళు. రెండు మైళ్ళు నడిచి వచ్చిన పాలు అంత వెచ్చగా ఎట్లా ఉన్నాయో ఆమె ఒక్కనాడూ అడగలేదు. తాగి, మూతి తుడుచుకొని, దండీలు, బస్కీలు తీసింది.

"ఆ దినం సీతన్న ఏంది?" అన్నాడు గోపాలు.

"నేనే పితికిన," అంది భీమక్క.

వాకిలంతా ఆమె వైపు తిరిగింది.

"ఆ దినం అయ్య ఒట్టి చేతులతోని వచ్చిండు. రేపటి నుంచి నేనే పోయి తెచ్చుకుంట అని చెప్పిన. తండకు పోలే. మేతకాడికి పోయి పితుక్కున్న. అయ్యకు తెల్వది."

సీతయ్య చేతిలో కత్తి ఆగింది. తల ఎత్తలేదు.

కమ్లి ముసుగు మొహం మీదికి లాక్కుంది.

గోపాలు లేచి చెల్లెలి ముందుకు వచ్చాడు. కొడతాడనే అందరూ అనుకున్నారు. కొట్టలేదు. "మూడు కిలోలు పెరిగిన, నాలుగు కిలోలు పెరిగిన అని కాటా ఎక్కి మురిసినవ్. నా కోడెదూడ ఎంత తూగుతుందో చూసినవా ఎప్పుడన్న? మూడేండ్లు పోతె దీని పక్కన ఇంకోటి కొని అరక కడదామనుకున్న. అరక పాయె. నువ్వు బలిసినవ్."

"గోపాలూ!" అంది ఆదెమ్మ.

"నన్నంటవేందవ్వా? దాన్ని అను."

దూలయ్య అందరినీ చేత్తో ఆపి సీతయ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సీతయ్యా, వేల్పులకు పూజ చేసే వడ్డెవు నువ్వు. ఆదివారం విత్తనాల పండుగ. నీ చేతి గింజ పడందే నలభై ఇండ్లల్ల ఒక్క అరక కదలదు. నీ ఇంట్లనే గిట్లయింది. కట్టుబాటు ఏందో నేను చెప్ప. నువ్వే చెప్పు."

సీతయ్య చీరిన బద్దలను ఒక పక్కకు పేర్చాడు. కూతురు తన వైపే చూస్తోందని అతనికి తెలుసు.

"మూడు పొద్దులు పస్తు," అన్నాడు. "దూడ తల్లి దగ్గరనే, కొట్టంల. శుక్రవారం పొద్దు పొడిచేదాక. నీళ్ళు తప్ప ఏదీ ముట్టొద్దు."

ఆదెమ్మ చేతిలోంచి చేట జారి పడింది.

---

మధ్యాహ్నం గూడెం సద్దుమణిగాక సీతయ్య ఆవుకు గడ్డి వేసే నెపంతో కొట్టంలోకి వచ్చాడు.

భీమక్క తడికకు ఆనుకొని కూర్చొని ఉంది. తండ్రిని చూసి లేవలేదు. అతను గడ్డి వేశాడు. వేసిన గడ్డినే మళ్ళీ సర్దాడు.

"ఒక్క రొమ్మే పితికిన," అన్నాడు చివరికి, ఆవుతో చెబుతున్నట్టుగా. "మూడు దూడకే విడిచిన. వేల్పుల మీద ఒట్టు. ఎండలకు గడ్డి లేక అసలు పాలే దిగలే."

"ఎందుకు పితికినవ్?"

"కమ్లి లేవన్నది. ఖాళీ బుర్ర పట్టుకొని వస్తుంటే తొవ్వల ఎర్రావు ఎదురైంది. మీ సారు ఆ ముందు దినమే అన్నడు గద, పిల్లకు కండ పడ్డదని. ఆ మాటకు నువ్వు ఎగిరినవ్. పదేండ్లల్ల నువ్వట్ల ఎగురంగ చూడలే." అతను మెడ తుడుచుకున్నాడు. "తండోళ్ళు పితుకంగ చూసిన. ఏముంది, కూసుంటే వచ్చింది."

"రెండో దినం?"

అతను ఆవు మెడలో పలుపు సర్దాడు.

"మూడో దినం? ఇరవై దినాలు అయ్యా."

"నిన్ను చెప్పమన్ననా?" అని హఠాత్తుగా గొంతు పెంచాడు సీతయ్య. "నేనే పితికిన అని ఎవ్వలు చెప్పమన్నరు నిన్ను?"

"మరి కమ్లిని చెప్పనియ్యాల్నా?"

ఎర్రావు గడ్డి ముట్టకుండా గుమ్మం వైపే చూస్తోంది.

"పితికింది నువ్వు. తాగింది నేను," అంది భీమక్క. "తప్పు లేదనను. పస్తుంట. కానీ శుక్రవారం తూకం అయ్యా. మూడు పొద్దులు తినకుంటే నేను యాభై రెండు దాట. నీకు తెల్సు. తెలిసే మూడు పొద్దులన్నవ్."

"కట్టుబాటు మూడే."

"నీకు పడాల్సిన కట్టుబాటు."

సీతయ్య గుంజ పట్టుకొని నిలబడ్డాడు. "నేను చెప్తే ఏమైతదో ఎరుకేనా? వడ్డె చెయ్యి చెడ్డదంటరు. విత్తనం ముట్టనియ్యరు. ఇంకో వడ్డెను నిలబెట్టాలంటే వేల్పుల కొలుపు జెయ్యాలె, చుట్టాలు కూడాలె, నెల పడతది. ఇంతల వాన వచ్చి పోతది. పోయినేడు పంటే లేదు. నలభై ఇండ్లు భీమక్కా. నాయిన కాడినుంచి నాకు, నా కాడినుంచి గోపాలుకు రావాల్సింది." కూతురి దగ్గరికి వంగాడు. "నీకు మూడు పొద్దులు బిడ్డా. నాకు ఏడు తరాలు."

"నాకు మూడు పొద్దులేనా?"

అతను వేలితో గడ్డిపోచ తుంపుతూ ఉండిపోయాడు.

"పొద్దుగూకినంక ఇంత బువ్వ తెస్త," అన్నాడు గుసగుసగా. "ఎవ్వలు చూడరు. తిను."

"దొంగతనంగ పాలు తాగిపిస్తివి. ఇప్పుడు దొంగతనంగ బువ్వ తినిపిస్తవా? తేకు. తెచ్చినా ముట్ట. నలుగురిల చెప్పి తీసుకరా, తింట."

తడిక అవతల నీళ్ళు ఒలికిన చప్పుడైంది.

సీతయ్య బయటికి తొంగి చూశాడు. ఆదెమ్మ నీళ్ళ బిందెతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఆమె పాదాల కింద నేల బాగా తడిసి ఉంది.

ఆమె బిందె లోపల పెట్టి, కూతురి నెత్తిన ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆ పూట, ఆ మర్నాడు పొద్దున కూడా, ఆమె భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు.

---

బుధవారం పన్నెండింటికి హాతీరాం వచ్చాడు. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా బస్సెక్కాడు. కంపెనీ బట్టలు కూడా మార్చలేదు.

"తూకం పెట్టుకొని ప్రాక్టీసు ఎగ్గొడతవా?" అని అరుస్తూనే కొట్టంలోకి వచ్చి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. జరిగింది గోపాలు చెప్పాడు. గోపాలుకు తెలిసినంత చెప్పాడు.

హాతీరాంకు మొదట నమ్మకం కుదరలేదు. "ఆరు ఆవులున్నయని నువ్వే అంటివి గదా?"

"ఉన్నయి సార్."

"ఉండంగ పాలు లేకపోవుడేంది?"

"మేం పితకం సార్. దూడయి."

అతను నవ్వబోయాడు. దడి అవతల కొత్తగా పూడ్చిన మట్టి కనబడి నవ్వు ఆగిపోయింది. "జనవరిలనే చెప్పొద్దా నాకు?"

"మీరు పితుకుతరా అని అడగలే. ఆవులున్నయా అని అడిగిన్రు."

"మా తండల ఆవున్నదంటే పాలున్నట్టే," అన్నాడు హాతీరాం మెల్లగా, నేల మీద కూలబడి. "ఇంకో తీరు ఉంటదని నాకు సోయే లేదు. పాలే ఎందుకు భీమక్కా? పాలు కాకుంటే ఇంకో గుప్పెడు పల్లీలు, ఇంకో గుడ్డు రాసిద్దును. కందిపప్పు, ఎండుచేపలు, ఏదన్న ఒకటే. ఆ చెంబెడు పాలు అంతకంటే ఎక్కువేం జేస్తయ్?"

భీమక్క తల ఎత్తింది.

"గుప్పెడు పల్లీలా సార్?"

"గుప్పెడే."

ఆమె మొహం మోకాళ్ళలో దాచుకుంది. మంగళవారం నుంచి అప్పటిదాకా ఆమె ఏడవలేదు.

హాతీరాం దూలయ్య దగ్గరికి వెళ్ళాడు. తూకం చూడడానికి ఒప్పించగలిగాడు. కాటా ఎక్కితే పస్తు చెడదని దూలయ్య ఒప్పుకున్నాడు. సొసైటీ గోదాములో భీమక్క కాటా ఎక్కి, కళ్ళు తిరిగి బస్తా పట్టుకుంది. గుమస్తా ఆమె చెయ్యి మెల్లగా విడిపించి, రాళ్ళు మార్చి మార్చి పెట్టాడు. పరాచికం ఆడలేదు.

"యాభై రెండుంబావు," అన్నాడు.

గోదాము గుమ్మంలో ఆదెమ్మ నిలబడి వింటోంది. ఆమెకు అంకెలు తెలియవు గానీ ఈ ఒక్క అంకె తెలుసు. అయిదు నెలల నుంచి ఇంట్లో వింటున్న అంకె.

"ఇంక పావే ఉంది," అన్నాడు హాతీరాం దూలయ్యతో. "గీ పొద్దు తినిపిస్తే శుక్రవారం దాకా నిలబడతది. రేపు కూడ పస్తుంటే యాభై ఒకటి. నీళ్ళు తాగించి ఎక్కిద్దామంటే కాటా ఎక్కుతదేమో గని జూడో చాప మీద లేవది. గట్ల నేను ఎక్కియ్య. పెద్దయ్యా, పాలు తాగమన్నది నేను. తప్పు నాది. ఆ మిగిలిన పొద్దులు నేను పస్తుంట. మీ కొట్టంలనే ఉంట. లీవు పెడత."

దూలయ్య ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేదు. బీడీ ముట్టించుకొని ఆలోచించాడు.

"నువ్వు మంచోడివే సారూ. గని నువ్వు మా గూడెపోడివి గాదు. నీ పస్తు మా నేలకు అక్కరకు రాదు. చెయ్యి పెట్టినోళ్ళే ఉండాలె."

"పిల్ల బతుకు పెద్దయ్యా."

"దూడది గాదా?"

హాతీరాం పోతూ పోతూ ఆదెమ్మ ముందు ఆగాడు. "అమ్మా, శుక్రవారం మొదటి బస్సుల నేనుంట. ఎట్లున్నా తీసుకరా. దాటినా, దాటకున్నా."

ఆదెమ్మ తల ఊపింది. ఆమె చూపు మాత్రం అతని మీద లేదు. రోడ్డుకు అవతల, దూలయ్య అరుగు మీద, పెద్దలతో కూర్చొని పండుగకు ఏ ఇంటికి ఎన్ని గింజలో లెక్క చెబుతున్న భర్త మీద ఉంది.

---

ఆమె ఇంటికి వచ్చి బియ్యం కడిగింది.

గోపాలు చూశాడు. "ఎంత పోస్తున్నవే అవ్వా? నేను, అయ్య, నువ్వే గద తినేది."

ఆమె ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కందిపప్పు పెట్టింది. పప్పు ఉడుకుతుంటే అందులోనే మూడు గుడ్లు వేసింది. గిన్నె నిండా అన్నం పెట్టి, పప్పు పోసి, గుడ్లు ఒలిచి పైన పెట్టింది. ఆకు కూడా కప్పలేదు.

"ఎవ్వలికే?"

"నీ చెల్లెకు."

"పస్తు చెడగొడతవా? ఊరు మనలను వెలివేస్తది!"

"అడ్డం లేవు."

ఆ గొంతు గోపాలు ఎన్నడూ వినలేదు. లేచి పక్కకు జరిగాడు.

ఎండ ఇంకా ఉంది. ఆదెమ్మ దొడ్డి దారిన పోలేదు. గిన్నె రెండు చేతుల్లో పట్టుకొని వీధి మధ్యలో నడిచింది. అన్నం పొగలు చూసి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. అరుగు మీద పెద్దలు మాటలాపారు.

"ఆదెమ్మా! ఎక్కడికి ఆ బువ్వ?" అన్నాడు దూలయ్య.

"ఆకలైనోళ్ళకు."

"పొద్దు ఇంకా తీరలే."

"పస్తుండాల్సింది అది గాదు మామా."

దూలయ్య అరుగు దిగాడు. వెనకే అందరూ దిగారు. సీతయ్య ఒక్కడే ఇంకా కూర్చొని ఉన్నాడు. ముందు పోసుకున్న గింజలను వేలితో అటూ ఇటూ కదుపుతున్నాడు.

"అది గాకుంటే మరెవ్వలు?"

ఆదెమ్మ నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళ కాపురం. ఆ పేరు ఆమె ఎన్నడూ నోటితో పలకలేదు. ఇప్పుడూ పలకలేకపోయింది.

అరుగు దగ్గరికి పోయి, గిన్నె భర్త ముందు చాపింది.

"పట్టు," అంది. నిన్నటి నుంచి అతనితో అన్న మొదటి మాట అది.

సీతయ్య చేతులు ముందుకు రాలేదు.

"పట్టు. నీ చేతులతోని పొయ్యి పెట్టిరా. లేకుంటే గీ నలుగురి ముందల నువ్వే కూసొని తిను. బిడ్డ అక్కడ పస్తు పండుకోని ఉంటది, నువ్వు తినుకుంట చూడు. ఏదన్న ఒకటి చెయ్. నేను మాత్రం గీ బువ్వ తిరిగి ఇంటికి తీసుకపోను."

గోపాలు గుమ్మంలోంచి వీధిలోకి వచ్చాడు. తల్లిని చూశాడు. తండ్రిని చూశాడు.

"అయ్యా?" అన్నాడు.

సీతయ్య గిన్నె అందుకున్నాడు. అతను లేచి నిలబడేసరికి ఒళ్ళోని విత్తనాలు దుమ్ములో పడి చెదిరిపోయాయి. వాటిని ఏరడానికి ఎవరూ వంగలేదు.

కొట్టం ముప్పై అడుగుల దూరంలో ఉంది. తడిక సందులోంచి భీమక్క చూస్తోంది. గుంజ పట్టుకొని లేవడానికి ప్రయత్నించింది. మొదటిసారి లేవలేకపోయింది. రెండోసారి లేచింది.

వీధిలో ఆమె తండ్రి, చేతుల్లో పొగలు కక్కుతున్న గిన్నెతో, ఏ వైపూ తిరగకుండా నిలబడి ఉన్నాడు.